జనాభా లెక్కల్లో దొరకని పెద్దలను ఎక్కడ వెతకాలి: కర్నూలు, అనంతపురం, కడప కుటుంబాలకు

ముత్తాత పేరు పాత జనాభా లెక్కల్లో కనబడలేదని వెతకడం మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ పేరు అక్కడ ఎంత వెతికినా దొరకదు. మీ ముత్తాతదే కాదు, ఆ ఊళ్లో ఎవరి పేరూ దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పద్ధతి ప్రకారం మొదటి జనాభా లెక్క 1871 నవంబరులో తీశారు. దేశమంతా ఒకే రాత్రి లెక్క పెట్టింది 1881 ఫిబ్రవరి 17న. అప్పటినుంచి పదేళ్లకొకసారి ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్న మాట నిజమే. ఆ కాగితాల్లోంచి అంకెలు తీసి పట్టికలు అచ్చువేశాక పేర్లున్న కాగితాలు దాచలేదు. పైగా 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను చూసే హక్కు ఎవరికీ లేదు, అవి కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. అమెరికాలో 72 ఏళ్లు దాటితే పేర్లతో సహా తెరుస్తారు. 1950 నాటి లెక్కలు 2022లో తెరిచారు. ఇంగ్లండులో ఆ గడువు 100 ఏళ్లు. ఇక్కడ ఆ పద్ధతి లేదు. కాబట్టి ఫలానా ఊరి 1901 సెన్సస్ పేర్ల జాబితా అమ్ముతామని ఎవరైనా చెప్తే డబ్బు కట్టొద్దు.

మన పెద్దల పేర్లు వేరే చోట్ల ఉన్నాయి: శిస్తు లెక్కల్లో, మాన్యాల (శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన భూముల) రిజిస్టర్లలో, దస్తావేజుల్లో, దావాల్లో, బడి పుస్తకాల్లో, చర్చి పుస్తకాల్లో. వాటిని పేరుతో కాకుండా ఊరితో, సర్వే నంబరుతో వెతకాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

మొదటి రోజు పని ఇంట్లోనే

ఆఫీసులకు పోకముందు ఇంట్లో ట్రంకుపెట్టె, అటక, దేవుడిగూడు మూడూ వెతకండి. శిస్తు రసీదులు, భాగపరిష్కార పత్రాలు, తనఖా కాగితాలు, జాతకాలు, లగ్నపత్రికలు, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం, రైల్వే సర్వీసు కాగితాలు ఏవి దొరికినా పక్కన పెట్టండి. ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫోటో తీయండి. పాత దస్తావేజుల వెనకపక్క స్టాంపు కొన్నవారి పేరు, రిజిస్ట్రారు రాసిన నంబరు, పుస్తకం, సంవత్సరం ఉంటాయి. ముందు పక్క చినిగిపోయినా వెనకపక్క నంబరు ఒక్కటుంటే పూర్తి నకలు తీసుకోవచ్చు.

తర్వాత ముసలివాళ్లను అడగాలి. మన పక్క బంధుత్వ పదాలు జాగ్రత్తగా పట్టుకోవాలి. ఒక ఇంట్లో నాయన తండ్రిని అబ్బ అంటారు, ఇంకో ఇంట్లో జేజినాయన అంటారు, మూడో ఇంట్లో ఇద్దరు తాతలనూ తాత అనే అంటారు. "మా అబ్బ భూమి అమ్మినాడు" అని ఎవరైనా చెప్తే అది నాయన తండ్రా, అమ్మ తండ్రా, నాయన చిన్నాయనా అని అక్కడికక్కడే అడిగి రాసుకోండి. అడగకుండా వదిలేస్తే తరువాత ఒక తరం మొత్తం తప్పు కొమ్మ మీదికి పోతుంది.

వాళ్లు తేదీలు చెప్పరు. "ధాత కరువులో", "రుధిరోద్గారిలో పుట్టినాడు" అంటారు. తెలుగు సంవత్సరాలు 60కి ఒకసారి తిరిగివస్తాయి. ప్రభవ 1867లో, 1927లో, 1987లో ఉగాదికి మొదలైంది. రుధిరోద్గారి వరుసలో 57వది కాబట్టి 1923 ఉగాదినుంచి, లేదా దాని ముందు చుట్టులో 1863 నుంచి. ఏ చుట్టో తేల్చడానికి అతని కొడుకు పుట్టిన సంవత్సరం పక్కన పెట్టి చూడండి. జనవరి నుంచి ఉగాది లోపల పుట్టినవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరం ఒకటి పెరుగుతుంది.

ఊరు ఆ రోజుల్లో ఏ జిల్లా?

వెతుకులాట చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఊరు కదలకపోయినా జిల్లా కదులుతుంది, దానితో రికార్డూ కదులుతుంది. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని వెళితే "మా దగ్గర లేదు" అనే సమాధానం వస్తుంది, అది నిజమే కూడా.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరు. మొదట అంతా కలెక్టరు థామస్ మన్రో కింద ఒకే పాలన. 1808లో బళ్లారి, కడప అని రెండు జిల్లాలయ్యాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉంది. 1858లో కర్నూలు కలెక్టరేటు ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల, కంభం ప్రాంతాలు కడప నుంచి, పత్తికొండ బళ్లారి నుంచి వచ్చి కలిశాయి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, మడకశిర పక్క కుటుంబాలవాళ్లు 1882కు ముందు కాగితాలు బళ్లారి పేరుతోనే అడగాలి. కదిరి తాలూకా 1910 దాకా కడపది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవే. బనగానపల్లె 1948 దాకా సంస్థానం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్లారి జిల్లా. మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశానికి పోయాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. 2022లో నంద్యాల, అన్నమయ్య, శ్రీసత్యసాయి జిల్లాలు పుట్టాయి.

కాబట్టి ఒక కాగితం మీద మీ ఊరి పేరు రాసి, పక్కన 1850, 1880, 1910, 1950, 1985, 2022 అని గీతలు గీసి, ఒక్కో కాలంలో ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది నింపుకోండి. ఇది లేకుండా ఏ ఆఫీసుకూ పోవద్దు. పాత స్పెల్లింగులు కూడా పక్కన రాయండి: కడపను కడ్డపా అని, గుత్తిని గూటీ అని, ఆదోనిని అద్వాని అని రాసేవారు. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటే ఏటిపేరో, పక్క ఊరిపేరో కలిపి గుర్తుపట్టాలి.

ఊరే లేకపోతే? పాత రెవెన్యూ పటాల్లో బేచిరాగు అని రాసిన గ్రామాలుంటాయి, అంటే దీపం పెట్టే ఇల్లు లేని ఊరని. మనుషులు పోయినా గ్రామం పేరు, సర్వే నంబర్లు రికార్డులో నిలబడతాయి, పక్క ఊరివాళ్లు ఆ పొలాలు దున్నుతుంటారు. మీ పెద్దలు చెప్పిన ఊరు ఇప్పుడు కనబడకపోతే ముందు బేచిరాగు గ్రామాల్లో చూడండి. నీళ్లలో మునిగిన ఊళ్లకు ఇంకో దారి ఉంది. శ్రీశైలం, సోమశిల, గండికోట జలాశయాల కింద పోయిన గ్రామాలకు భూసేకరణ అవార్డు ఫైళ్లున్నాయి. వాటిలో సర్వే నంబరు, పట్టాదారు, తండ్రి పేరు, ఇల్లు, చెట్లు, బావి, పరిహారం తీసుకున్న వారసుల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక కుటుంబానికి ఒక్క చోట ఇంత సమాచారం ఇంకే కాగితంలోనూ దొరకదు.

పేరు మనిషిని మోసం చేసే తీరు

రాయలసీమలో మనవడికి తాత పేరు పెట్టడం రివాజు. ఓబన్న కొడుకు సుంకన్న, సుంకన్న కొడుకు మళ్లీ ఓబన్న. 1861 రిజిస్టరులోని ఓబన్న, 1921 దస్తావేజులోని ఓబన్న ఒకరే అనుకుంటే రెండు తరాలు మింగేసినట్టే. ప్రతి పేరుకూ తండ్రి పేరు, వయసు, సర్వే నంబరు మూడింటిలో కనీసం రెండు కుదిరితేనే ఒకరని ఒప్పుకోవాలి.

ఒకే మనిషి ఓబులేసు, ఓబయ్య, ఓబన్న, పెన్నోబులేసు అని నాలుగు రకాలుగా కనబడతాడు. పెద్ద, చిన్న, నడిపి అన్న మాటలు ఒక కాగితంలో ఉండి ఇంకోదాంట్లో పోతాయి. రెడ్డి, నాయుడు, శెట్టి లాంటి చివరి మాటలు చాలా ఇళ్లల్లో తరువాతి తరాల్లో చేరినవే. పాత రిజిస్టరులో అవి లేవని వేరే మనిషి అనుకోకండి. అనంతపురం పడమటి పక్క అన్న, అయ్య అనేచోట అప్ప ఉంటుంది. మస్తాన్, దస్తగిరి అనే పేర్లు చూసి మతం నిర్ణయించొద్దు, దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందూ పిల్లలకూ ఆ పేర్లే పెట్టారు. దూదేకుల కుటుంబాలకు తెలుగు ఇంటిపేర్లుంటాయి.

ఇంకో వైపు ఈ పేర్లే దారి చూపిస్తాయి. తరతరాలుగా కదిరప్ప అన్న పేరుంటే కదిరి నరసింహస్వామి ఇంటిదేవుడు. మద్దిలేటి అంటే కర్నూలు పక్క మద్దిలేటి స్వామి. కుటుంబం ఇప్పుడు వంద మైళ్ల దూరంలో ఉన్నా పుట్టువెంట్రుకలు ఎక్కడ తీస్తారో కనుక్కోండి. పాత ఊరు చాలాసార్లు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఇంటిపేరు మారడానికి ఒక పెద్ద కారణం ఇల్లరికం. బళ్లారి, కర్నూలు, కడప రెడ్డి కుటుంబాల్లో ఇల్లటం అల్లుడు మామ ఆస్తికి కొడుకులాగా వారసుడయ్యే ఆచారాన్ని మద్రాసు కోర్టులు కూడా ఒప్పుకున్నాయి. భూమి ఒక ఇంటిపేరు మీద నుంచి ఇంకో ఇంటిపేరు మీదికి అమ్మకం లేకుండా పోయిందంటే ముందు ఇల్లరికాన్ని అనుమానించండి, తరువాత దత్తతను.

భూమి కాగితాలు: వెనక్కి నడవడం

ఇప్పటి 1బి (ఎవరి పేరు మీద ఏ భూమి ఉందో చెప్పే పట్టిక), అడంగల్ (ఊరి సాగు లెక్క) ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో దొరుకుతాయి. అవి ఈ కాలం కాగితాలు, వాటితో పని సర్వే నంబరు తెలుసుకోవడం వరకే. రీసర్వే అయిన గ్రామాల్లో కొత్తగా ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు ఇచ్చారు, పాత సర్వే నంబరు వేరుగా అడిగి రాసుకోవాలి. 214/2బి అని ఉంటే అసలు నంబరు 214. పాత పుస్తకాల్లో అదే వెతకాలి, ఎందుకంటే సబ్‌డివిజన్లు పంపకాల తరువాత వచ్చినవి. ఎప్పుడు, ఎవరెవరి మధ్య చీలిందో తెలిస్తే అన్నదమ్ములెంతమందో తెలిసినట్టే.

214 నంబరుకు డైగ్లాట్ చూడాలి. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో అచ్చయిన సెటిల్‌మెంట్ రిజిస్టరును రెవెన్యూ ఆఫీసుల్లో ఆ పేరుతోనే పిలుస్తారు; ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) అన్నా అర్థమవుతుంది. అందులో సర్వే నంబరు, ప్రభుత్వ భూమా మాన్యమా, మెట్టా తరీయా, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. ఏటేటా కరణం రాసిన అడంగల్, 10(1) (పట్టాదారువారీ భూమి, శిస్తు) లెక్కలు కొన్నేళ్లకు తీసేసే పద్ధతి ఉంది, సెటిల్‌మెంట్ రిజిస్టరు మాత్రం శాశ్వతం. అందుకే మధ్యలో లెక్కలు పోయినా ఇది దొరుకుతుంది.

పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలుంటే కంగారుపడొద్దు. సెటిల్‌మెంట్ నాడు హక్కుదారు ఎవరో తేలని చోట చుక్కలు పెట్టి వదిలేశారు. చుక్కల భూములన్న మాట అక్కడినుంచే వచ్చింది. మీ పెద్దలు ఆ పొలం దున్నుతూనే ఉండవచ్చు. చుక్కలున్న నంబరుకు పక్క నంబర్లు నాలుగు వైపులా చూడండి. సాధారణంగా అన్నదమ్ముల పొలాలు ఒకచోటే ఉంటాయి.

లెక్కల్లో కొన్ని మాటలు తెలిసి ఉండాలి. ఫౌతీ అంటే పట్టాదారు చనిపోయాడని, పరారీ అంటే ఊరు వదిలిపోయాడని. రాజీనామా ఇక్కడ ఉద్యోగం వదలడం కాదు, శిస్తు కట్టలేక భూమి వదిలేయడం. దర్ఖాస్తు అంటే భూమి కావాలని పెట్టుకున్న అర్జీ. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1310 అంటే 1900 జులై 1 నుంచి 1901 జూన్ 30 దాకా. పాత పుస్తకాల్లో అంకెలు తెలుగువే, ౧ ౨ ౩ అని ఉంటాయి. ౩ను, ౬ను ఒకటిగా చదివి తప్పు పేజీ తీసుకోవడం అందరికీ జరిగేదే. పోయేముందు పది అంకెలూ రాసి అలవాటు చేసుకోండి.

మాన్యం భూమి ఉన్న కుటుంబాలది అదృష్టం. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి మాన్యానికీ విచారణ చేసి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాసింది. మాన్యం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, ఆ తరువాతి రిజిస్టర్లలో ఎవరి పేరుంది, విచారణ నాటికి అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అన్నవన్నీ గడులుగా ఉంటాయి. 1861లో 45 ఏళ్లన్న మనిషి పుట్టింది 1816 ప్రాంతంలో. అతని ముత్తాతకు మాన్యం వచ్చిందని రాసి ఉంటే మీరు ఒక్క పేజీలో 18వ శతాబ్దంలోకి పోయినట్టు. వయసులను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. 40, 45, 50 అని అంచనాతో వేసినవే ఎక్కువ, అటో ఇటో ఐదేళ్లు వదలాలి.

బ్రాహ్మణులకూ గుళ్లకూ మాత్రమే మాన్యాలుండేవని అనుకుని చాలామంది ఈ రిజిస్టరు చూడరు. అది పొరపాటు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి, తలారి, వెట్టి, నీరుగంటి పనులకు సర్వీసు మాన్యాలుండేవి. మన సీమలో ఇంకొకటుంది, దశబంధం. చెరువు తవ్వించినవాడికి, కట్ట బాగుచేయించినవాడికి ఆ చెరువు కింద ఇచ్చిన మాన్యం అది. ఊరి చెరువుకు ఒక మనిషి పేరుంటే, ఆయన మీ ఇంటివాడని పెద్దలు చెప్తుంటే, దశబంధం పేజీ తప్పకుండా చూడండి.

ఈ రిజిస్టర్ల కోసం కలెక్టరేట్ రికార్డు రూము, రాష్ట్ర ఆర్కైవ్స్ రెండు చోట్లా అడగాలి. కంపెనీ కాలం జిల్లా రికార్డులకూ, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సుకూ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ పెద్ద దిక్కు. పోయేముందు ఉత్తరం రాసి, గుర్తింపు కార్డు నకలు పెట్టి, ఏ జిల్లా ఏ సంవత్సరాల కాగితాలు కావాలో చెప్పండి. ఊళ్ల పూర్వకథ కావాలంటే కంపెనీ సర్వేయరు మెకంజీ పోగుచేయించిన కైఫీయతులు (ఊరి చరిత్రలు) ఉన్నాయి. కడప జిల్లావి కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చువేసింది. వాటిలో ఊరు కట్టినవాళ్లు, రెడ్లు, కరణాలు, మాన్యాలు కనబడతాయి, మామూలు రైతుల పేర్లు తక్కువ.

తహశీల్దారు ఆఫీసులో నోటితో అడిగితే పని కాకపోతే సమాచార హక్కు కింద రాయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, గడువు 30 రోజులు. "మా వంశ వివరాలు ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది, ఎందుకంటే వాళ్లు ఉన్న కాగితం ఇవ్వగలరే తప్ప పరిశోధన చేసి ఇవ్వరు. ఇలా రాయండి: "ఫలానా గ్రామం సర్వే నంబరు 214కు సంబంధించి డైగ్లాట్ పేజీ నకలు, ఫసలీ 1340 నుంచి 1345 వరకు 10(1) లెక్క నకలు, అదే నంబరుకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు పేజీ ఉంటే దాని నకలు ఇప్పించగలరు." స్వయంగా పోతే సోమవారం వద్దు, అర్జీల రోజు. జమాబంది (శిస్తు లెక్కల ఏటి తనిఖీ) జరిగే రోజులూ వద్దు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు

కంప్యూటర్లో వచ్చే ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) 1980ల నుంచి ఇటువైపువే. అంతకు ముందువి చేతిరాత వాల్యూముల్లో ఉంటాయి, చేత్తో వెతికే ఈసీకి అర్జీ పెట్టాలి. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఎత్తిరాసి ఉంటాయి. అమ్మినవాడి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, ఊరు, ఎందుకు అమ్ముతున్నాడు (కూతురి పెళ్లికి, షావుకారు బాకీకి), నాలుగు హద్దులు, సాక్షులు అన్నీ అందులోనే. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటి, రెండు పుస్తకాలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మూడో పుస్తకం వీలునామాలది. రాసినవారు చనిపోయాక దాని నకలు ఎవరడిగినా ఇస్తారు. నాలుగో పుస్తకం సంబంధమున్నవారికే.

ఇండెక్సు రెండు రకాలు: పేర్లది ఒకటి, ఊరు-ఆస్తిది రెండు. పేర్ల ఇండెక్సుతో మొదలుపెట్టేవాళ్లు ఓడిపోతారు, ఎందుకంటే గుమాస్తా ఒకసారి ఇంటిపేరు అక్షరం కింద, ఒకసారి అసలు పేరు అక్షరం కింద వేసి ఉంటాడు. ఊరి ఇండెక్సు తీసుకుని మీ గ్రామం కింద పదేళ్ల చొప్పున చదవండి. హద్దులు వదలకండి. మీ ముత్తాత ఏమీ అమ్మకపోయినా, కొనకపోయినా, పక్క పొలంవాడి దస్తావేజులో "తూర్పు: ఓబన్న చేను" అని హద్దుగా నిలబడి ఉంటాడు. సాక్షిగానూ ఉండవచ్చు.

దొరకకపోవడానికి మామూలు కారణాలు రెండు. 100 రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మెట్ట చేలు చాలావరకు అంతకంటే తక్కువకే చేతులు మారాయి. రెండోది, మీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కొత్తదైతే పాత వాల్యూములు అది విడిపోయిన మాతృ ఆఫీసులోనే ఉంటాయి.

భాగాల కోసం దావా పడిన కుటుంబమైతే జిల్లా కోర్టు రికార్డులో దావా నంబరు అడగండి. భాగపు దావాల్లో వంశవృక్షం గీసి జతచేస్తారు. ఎవరికి ఎవరు పుట్టారన్నదే అక్కడ తగువు కాబట్టి, రెండు పక్షాల వృక్షాలూ తీసుకుని పోల్చాలి.

ఆడవాళ్ల పేర్లు ఈ కాగితాల్లోనే బయటపడతాయి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి, మనోవర్తి ఒప్పందం, మైనరు కొడుకుకు తల్లి గార్డియన్‌గా పెట్టిన సంతకం, భర్త ఫౌతీ తరువాత భార్య పేరు మీద పట్టా: ఈ నాలుగూ వెతకండి. ఓటర్ల జాబితాలో మాత్రం ఆశ తక్కువ. మొదటి సాధారణ ఎన్నికలప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యనని, కూతురినని చెప్పినందుకు దేశంలో సుమారు 28 లక్షలమంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి తీసేశారు. మీ అవ్వ పేరు లేదంటే ఆమె ఆ ఊళ్లో లేదని కాదు.

భూమి లేని కుటుంబాలు

ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి, దారులు మాత్రం ఉన్నాయి. మాల మాదిగ కుటుంబాల్లో చాలావాటికి మొదటి రాతకాగితం చర్చి పుస్తకమే. లండన్ మిషన్ 1822లోనే కడపలో పని మొదలుపెట్టింది. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు పక్క ఎస్.పి.జి. (ఇంగ్లండు ఆంగ్లికన్ల) మిషన్, కర్నూలు, కంభం పక్క అమెరికన్ బాప్టిస్టులు ఉన్నారు. బాప్టిజం రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, పల్లె ఉంటాయి. పాత పేరు గడి ముఖ్యం, ఎందుకంటే రెవెన్యూ కాగితాల్లో ఆ పేరే కొనసాగుతుంది. ఇప్పుడు ఆ కుటుంబం చర్చికి పోకపోయినా పాత రిజిస్టరు చూడటం మానొద్దు.

బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి. పుట్టినతేదీ జులై 1 అని ఉంటే అది అయ్యవారు వేసిన తేదీ. డి.కె.టి. (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) పట్టా ఫైళ్లలో అర్జీదారు కుటుంబ వివరాలుంటాయి. జనన మరణాల పుస్తకాలు 1899 మద్రాసు చట్టం కింద గ్రామాధికారి రాసేవాడు. బిడ్డకు పేరు పెట్టకముందే రాసేవారు కాబట్టి "ఫలానావాడి మగబిడ్డ" అనే ఉంటుంది, తండ్రి పేరుతో వెతకాలి. ముస్లిం కుటుంబాలకు ఖాజీల నికా పుస్తకాలు ఆధారం. రైల్వేలో చేరినవాళ్లకు గుంతకల్లు, నందలూరు సర్వీసు రిజిస్టర్లు.

1911 చట్టం కింద నేరస్థ తెగలని ముద్ర వేసిన కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టర్లలో వేలిముద్రలతో సహా రాశారు. దేశమంతటా ఆ ముద్ర 1952కల్లా పోయింది. ఆ కాగితం చదవడం కష్టమే, కానీ తాత పేరు, ఊరు, పిల్లలు అందులో ఉండవచ్చు. వాటిని కుటుంబం అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

కరువులో పోయినవాళ్లు

అచ్చయిన జనాభా పట్టికలు పనికొచ్చేది ఇక్కడ. 1876 ధాత, 1877 ఈశ్వర సంవత్సరాల కరువు తరువాత 1881 లెక్కల్లో కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. మీ తాలూకాకు 1871, 1881 అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. జనం సగానికి పడిపోయి 1891లోనూ తిరిగి రాకపోతే కుటుంబాలు వలస పోయాయని అనుమానించాలి. తిరిగి పెరిగితే మీ కుటుంబం ఆ తరువాత కొత్తగా వచ్చినదేమో చూడాలి. పుట్టిన జిల్లాల పట్టిక చూస్తే జనం ఎటు పోయారో కనబడుతుంది. 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో ఊరివారీ అంకెలున్నాయి.

కడలి దాటినవాళ్ల పేర్లు బాగా భద్రంగా ఉన్నాయి. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) పోయిన ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ కాగితాలు అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫిజీకి పోయిన కూలీల పాసులు 1879 నుంచి 1916 దాకా; మద్రాసు రేవునుంచి అక్కడికి ఓడలు మొదలైంది 1903లో. ఊరి పేర్లు తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినట్టు రాసినవి. పైకి చదివి వినండి, అప్పుడు ఊరు పోల్చుకోగలరు. తాలూకా పేరు ముందు గుర్తుపట్టి, ఆ తాలూకా గ్రామాల జాబితాలో దగ్గరగా పలికే పేరు ఏరండి.

రాతలో లేనిది

ఏ కాగితమూ దొరకని కుటుంబానికి వంశం పాడేవాళ్లున్నారు. రెడ్లకు, కాపులకు పిచ్చుకుంట్లవాళ్లు (ఇప్పుడు వంశరాజ్ అంటారు), మాదిగలకు డక్కలివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, పద్మశాలీలకు సాధనాశూరులు గోత్రాలు, మూలపురుషులు చెప్తారు. పై తరాల కథలో పురాణం కలిసి ఉంటుంది. చివరి నాలుగైదు తరాలు, వలస వచ్చిన ఊళ్ల వరుస మాత్రం డైగ్లాట్‌తోనూ మాన్యం రిజిస్టరుతోనూ పోల్చి చూడదగినవి. పంటలు ఇంటికి వచ్చే రోజుల్లో వాళ్లు తిరుగుతారు. ముందే కబురు చేసి, వాళ్ల వాటా వాళ్లకిచ్చి, అడిగి రికార్డు చేయండి. ఊరి పేరు విన్న ప్రతిసారీ పాట ఆపకుండా కాగితం మీద ఒక గీత పెట్టుకుని, పాట అయ్యాక ఆ ఊరు ఏ తాలూకాలోదని అడగండి.